పన్నుపత్రముల పనికి ఎట్టి ప్రింటరు కొనవలెను?



తంబళ్లపల్లె నుండి యొక సోదరి యీ శీర్షికకు జాబు వ్రాసినది. ఆమె పట్టభద్రురాలు. ఇంటి ముందరి గదిలో బల్ల వేసికొని, చుట్టుప్రక్కల గ్రామముల యుపాధ్యాయులకును, పింఛనుదారులకును, చిన్న వర్తకులకును పన్నుపత్రములు నింపి పంపుచున్నదట. "ఇంతవరకు కాగితము కావలసినప్పుడెల్ల జిరాక్సు దుకాణమునకు బోవుచున్నాను. ఇప్పుడు సొంతముగా నొక ప్రింటరు కొనదలచితిని. నాలుగువేలకు వచ్చునది చాలునని మావారును, పదునైదువేలదియే మేలని మా మరిదియు చెప్పుచున్నారు. ఏది నమ్మదగినదో తెలుపుదురా?" అని యామె ప్రశ్న.

ఇది యంత్రముల సంగతి గదా యని పురుషులకు విడిచిపెట్టుట తగదు. తిరుగలి కొనునాడు రాతిని తట్టి చూచి, పాడియావును కొనునాడు పూటకెన్ని పాలిచ్చునో, ఎంత దాణా తినునో విచారించు మనకు ప్రింటరు నెన్నుకొనుట రాకపోదు. ఇందును చూడవలసినవి రెండే: అవసరమునాడు పని చేయునా? ఎంత మేత తినును?

మా కుటుంబములో జరిగిన యొక సంగతి మొదట చెప్పెదను. మా మేనకోడలు ములకలచెరువులో నిదే పని చేయుచున్నది. 2024వ సంవత్సరమున ఆదాయపు పన్నుపత్రములకు జూలై 31వ తేది గడువు. ఉపాధ్యాయుడైన భర్తను గోలుపోయి, కుటుంబపు పింఛనుతోను బ్యాంకు వడ్డీతోను కాలము గడపుచున్న యొక వృద్ధురాలి పత్రమును మా పిల్ల సరిగా నా దినమే దాఖలు చేసెను. వడ్డీలో బ్యాంకువారు పట్టుకొనిన పన్ను తిరిగి వచ్చుట కది యావశ్యకము. ఆధారుతో జతపడిన ఫోనుకు వచ్చు సంకేతము నిచ్చి ధ్రువపరచినచో కాగితముతో పనియే లేదు. కాని యామె ఫోను ఆధారుతో జతపడియుండలేదు. కావున రసీదు నొక పుటపై అచ్చువేసి, సంతకము చేయించి, బెంగుళూరులోని కేంద్రమునకు స్పీడుపోస్టులో పంపవలసియుండెను. అది 30 దినములలో చేరవలెను. చేరనియెడల, చేరిన దినమే దాఖలైన దినముగా లెక్కింపబడును. గడువు దాటిన వారితో సమానమగును. ఆలస్యపు రుసుము ఆదాయము 5 లక్షలు మించనివారికి 1,000 రూపాయలు, మించినవారికి 5,000 రూపాయలు. పింఛనుపై బ్రతుకు ముసలమ్మకు వేయి రూపాయలు స్వల్పము కాదు.

మా పిల్ల ఆగస్టులో మూడు వారములు జ్వరముతో మంచము పట్టెను. ఆగస్టు 24వ తేది శనివారమున ఆ పెద్దామె సంతకమునకై వచ్చినప్పుడు ప్రింటరును నడిపింపగా, అక్షరముల నడుమ తెల్లని గీతలు పడెను. పత్రముపై నుండు బారుకోడు, అనగా యంత్రము చదువు గీతల గుర్తు, సగము మాసిపోయెను. అది నాలుగువేలకు కొన్న చిన్న సిరా యంత్రము. ఊరకయుండుటచే సిరా ముక్కులలో నెండిపోయినది. శుభ్రపరచు మీట నొక్కగా మిగిలిన సిరా కాస్తయు నందులకే ఖర్చయ్యెను. క్రొత్త సిరా డబ్బా ఊరిలో దొరకలేదు. మరునాడు ఆదివారము, ఆ మరునాడు కృష్ణాష్టమి. మంగళవారము ఉదయమున మదనపల్లెకు బస్సులో పోయి, అచ్చువేయించి, పోస్టు చేసి వచ్చెను. కాగితము 29వ తేదిని చేరినది. మిగిలినది ఒక్క దినమే! "అత్తా, యంత్రమును నాలుగువేలకే కొంటిని గాని, నలుబదివేల భయమును దానితోకూడ కొంటిని" అని యామె నాతో జెప్పినది.

ఆ ముసలమ్మకు నేమియు తెలియదు. పన్ను సొమ్ము తిరిగి వచ్చినప్పుడు మా పిల్లకు వేరుసెనగకాయలు తెచ్చి యిచ్చినదట. మనయందు నమ్మకముంచి పత్రముల నప్పగించువారు మన యంత్రమును జూచి నమ్మరు, మనలను జూచి నమ్ముదురు. యంత్రము తప్పిననాడు పోవునది మన మాటయే.

ఇక ప్రింటరులలో రకములను జూతము. మొదటిది డాట్ మాట్రిక్సు. సూదులవంటి మొనలు రిబ్బనును కొట్టి అచ్చువేయును. కార్బను ప్రతులకు మంచిదే గాని, పైన జెప్పిన రసీదునకు దీనిని వాడవలదని పన్నుశాఖవారే సూచనలలో తెలిపియున్నారు. నల్లని సిరాతో, తెల్లని ఏ-4 కాగితముపై, బారుకోడు స్పష్టముగా గనబడవలెననియు, కాగితపు వెనుకవైపున నేమియు నచ్చువేయరాదనియు వారి సూచన. ఇది మన యెన్నికకు మొదటి కొలబద్ద: రంగులు మనకక్కరలేదు, స్పష్టమైన నలుపు కావలెను.

రెండవది సిరా యంత్రము. వెండ్రుకకంటె సన్నని రంధ్రములనుండి సిరా చుక్కలను కాగితముపై చిమ్మును. ఇందు చిన్న డబ్బాలవి, సీసాలతో నింపుకొను ట్యాంకులవి యని రెండు తెగలు. మూడవది లేసరు యంత్రము. ఇందు సిరా లేదు. టోనరను నల్లని పొడి కలదు. ఆ పొడి తిరుగుచున్న గొట్టముపై అక్షరముల రూపున నంటుకొని, కాగితముపైకి దిగి, సుమారు 200 డిగ్రీల వేడిగల రూళ్లనడుమ కరిగి యతుకుకొనును. 1984లో హెచ్.పి. వారు లేసర్‌జెట్టను పేర దీనిని విపణికి దెచ్చిన తరువాత కచేరీలలో నిది వ్యాపించెను. పొడి యెండిపోవునది కాదు గనుక, నెలదినములు ఊరకున్నను మొదటి పుటయే శుభ్రముగా వచ్చును. చెమటచేయి తగిలినను, నీటిచుక్క పడినను అక్షరము చెదరదు. సిరా యంత్రములలో డై సిరా నీటికి కరగును; పిగ్మెంటు సిరా తట్టుకొనును. ట్యాంకు యంత్రము కొనదలచువారు నలుపు సిరా పిగ్మెంటుదేనా యని యడిగి మరి కొనవలెను. జి.ఎస్.టి. లెక్కలను వార్షిక పత్రపు గడువు మొదలు 72 నెలలు భద్రపరుపవలెనని చట్టము. ఆరేండ్లు నిలువవలసిన కాగితమునకు చెదరిపోవు సిరా పనికిరాదు.

ఇప్పుడు మేత లెక్క. ఈ ధరలు లెక్క తెలియుటకై నేనూహించినవి. మీ యూరి ధరలను వేసి చూచుకొనుడు. నాలుగువేల యంత్రమునకు సిరా డబ్బా 800 రూపాయలనుకొందము; 200 పుటలు వచ్చును. పుటకు 4 రూపాయలు. లేసరు టోనరు డబ్బా 3,000 రూపాయలు, 1,500 పుటలు. పుటకు 2 రూపాయలు. ట్యాంకు సిరా పుటకు 30 పైసలు. ఏడాదికి 2,500 పుటలైనచో మొదటిదానికి 10,000, రెండవదానికి 5,000, మూడవదానికి 750 రూపాయలు. నాలుగువేలని మురిసిన యంత్రము రెండేండ్లలో ఇరువదివేల సిరా త్రాగును! కావున దుకాణములో యంత్రపు ధరతోపాటు "డబ్బా యెంత? ఎన్ని పుటలు వచ్చును?" అని తప్పక యడుగుడు. పెట్టెపై వ్రాయు పుటల సంఖ్యకు ఐ.ఎస్.ఓ. 19752 అను ప్రమాణము నలుపు లేసరులకు గలదు. హెచ్.పి. వారి 12ఏ డబ్బాకు 2,000, 88ఏ డబ్బాకు 1,500 పుటలని వారు చెప్పునది యీ కొలతయే. క్రొత్త యంత్రముతో వచ్చు మొదటి డబ్బా పెక్కుచోట్ల పూర్తిగా నింపినది కాదు. అది త్వరలో నయిపోయిన మోసమని తలపకుడు. "నెలకు ఇన్ని వేల పుటలు" అని పెట్టెపై నుండునది యంత్రము భరింపగల గరిష్ఠ భారమే గాని, నిత్యము మోయవలసిన భారము కాదు. ఎద్దు మోయగలదని ప్రతిదినము బండి నిండ రాళ్లు వేయుదుమా?

లెక్కలో ట్యాంకు యంత్రమే గెలిచినది గదా యందురు. నిజమే. ప్రతిదినము పని గలవారికి, కరెంటు తరచుగా పోవు ఊళ్లవారికి అది యుత్తమము. అచ్చువేయునప్పుడు దానికి పది యిరువది వాట్లే చాలును. ఇంటి ఇన్వర్టరుపై నిశ్చింతగా నడచును. లేసరు యంత్రమట్లు కాదు. వేడెక్కుటకు కొన్ని వందల వాట్లను లాగును. దానిని కంప్యూటరు క్రిందనుండు చిన్న యు.పి.ఎస్.కు తగిలింపరాదు, నేరుగా గోడకే తగిలింపవలెను. కరెంటు లేనివేళ కాగితము రాదని ముందే తెలిసికొని, గడువు నాటి సాయంకాలమువరకు ఆగక పని ముగించుకొనవలెను. ట్యాంకు యంత్రమునకును ఒక నియమము కలదు: పని యున్నను లేకున్నను వారమున కొక పుటయైన అచ్చువేయవలెను. తులసికి నీరు పోయుట వంటిదే యిది, మరచినచో నెండును.

తంబళ్లపల్లె సోదరి తన పనిని గూర్చి యొక ముఖ్యమైన ముక్క వ్రాసినది. ఫిబ్రవరిలో జీతపు బిల్లుతో నొప్పగించు పన్ను లెక్కలకై ఉపాధ్యాయులు గుంపులుగా వత్తురట. జూలైలో మరల రద్దీ. మిగిలిన నెలలలో వారమునకు పది పుటలును ఉండవట. ఆరు వారములు ఎడతెగని పని, ఆరు నెలలు విశ్రాంతి. ఇట్టి పనికి నా సలహా నలుపు లేసరే. ఏడాదికి నాలుగువేలు హెచ్చగుట నిజమే. కాని యూరకున్న పిమ్మట మొదటి పుటయే శుభ్రముగా రావలెనన్న ఆమె యక్కరకు నిది తగును. ఆధారు, పాన్ కార్డుల నకళ్లు తీయవలసియుండును గనుక, పైన అద్దము గల, నకలు తీయు యంత్రమునే కొనవలెను. బ్యాంకు యంత్రములు, దుకాణములు ఇచ్చు నున్నని రసీదులు కొన్ని నెలలకే వెలసి తెల్లబోవును. అవి వచ్చిననాడే నకలు తీసి యుంచుటకును అద్దము పనికివచ్చును.

ఏ కంపెనీది యని మీరడుగుదురు. దాని కంటె ముందు అడుగవలసినది: మదనపల్లెలో దానిని విప్పి బాగుచేయు మేస్త్రీ యున్నాడా? దాని డబ్బా ఆ యూరి దుకాణములలో నెప్పుడును దొరకునా? ఈ రెంటికిని అవునను సమాధానము వచ్చినదే మంచి కంపెనీ. పట్టణమున నెంత పేరున్న యంత్రమైనను, విడిభాగమునకై పదిదినములు కాచుకొనవలసివచ్చిన మనకది నిరర్థకము. టోనరు పొడిని మరల నింపించుకొనిన ఖర్చు సగమునకు తగ్గును గాని, నాసిపొడి కారి యంత్రమును పాడుచేయవచ్చును. కొన్ని యంత్రములు తమ చిప్పులేని డబ్బాలను స్వీకరింపనే స్వీకరింపవు. నింపించుకొనువారు పనిలేని నెలలలో చేయించి, వంద పుటలు తీసి చూచుకొనుడు. జనవరిలో నొకటి, జూన్‌లో నొకటి క్రొత్త డబ్బా బీరువాలో నుండవలెను. సంక్రాంతికి బియ్యము ముందుగా దెచ్చుకొనుట మనకు నేర్పవలెనా?

కాగితమును నేలపై నుంచక, మూతగల పెట్టెలో నుంచుడు. చెమ్మ తగిలిన కాగితము రూళ్లలో చిక్కుకొనును. యంత్రముపై నొక పాతచీర ముక్క కప్పి యుంచిన దుమ్ము చేరదు. నడపునప్పుడు మాత్రము తీసివేయవలెను.

కడపట నొక మాట. జిరాక్సు దుకాణములో అచ్చువేయించుకొనుటకు మనము పంపిన పత్రములు ఆ దుకాణపు కంప్యూటరులోనే నిలిచిపోవచ్చును. అందులో ఒకరి పాన్ సంఖ్య, బ్యాంకు ఖాతా, ఆదాయము అన్నియు నుండును. పొరుగింటివారి జీతమెంతయో వీధివారికి తెలియకుండ కాపాడుట మన ధర్మము. సొంత ప్రింటరు కొనుటకు ఈ యొక్క కారణమే చాలును. అట్లే, గీతలు పడి చెడిపోయిన పుటలను పొయ్యి రాజేయుటకో, పిల్లలు బొమ్మలు గీసికొనుటకో ఇయ్యక, నాలుగుగా చించి మరి పారవేయుడు.

కావున సోదరీ! నాలుగువేలదియు వలదు, ఎవరో చెప్పిరని పదునైదువేలదియు వలదు. ముందొక నెల మీ పుటలను లెక్కింపుడు. మీ యింటి కరెంటును గమనింపుడు. మదనపల్లెకు పోయి మేస్త్రీని విచారింపుడు. ఆ మూడు లెక్కలను మీవారి ముందును, మరిది ముందును బెట్టుడు. వాదము తనంత తానే తీరిపోవును. కొనిన పిమ్మట మొదటి ఫిబ్రవరి యెట్లు గడచినదో మరల జాబు వ్రాయుడు. మీ యనుభవము మరి పదిమంది సోదరీమణులకు దారి చూపును.