మూడు పట్టణాలు, మూడు పార్టీలు: మన వార్డు ఎవరిది?

2024 అసెంబ్లీ ఎన్నికల్లో ప్రొద్దుటూరులో తెలుగుదేశం గెలిచింది. జమ్మలమడుగులో బీజేపీ గెలిచింది. పులివెందులలో వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచింది. కడప జిల్లాలో దగ్గరదగ్గరగా ఉన్న మూడు నియోజకవర్గాలు మూడు పార్టీలను ఎన్నుకున్నాయి. ప్రజాస్వామ్యం అంటే ఇదే కదా అనిపిస్తుంది. కానీ గెలిచినవాళ్ల పేర్లు ఒక్కసారి చూడండి: వరదరాజులరెడ్డి, ఆదినారాయణరెడ్డి, జగన్మోహన్‌రెడ్డి. 2019లో ఈ మూడుచోట్లా ఒకే పార్టీ గెలిచింది. అప్పుడు గెలిచిన ముగ్గురిదీ ఇదే సామాజిక వర్గం. జెండాలు మారాయి, కుర్చీలో కూర్చునే కులం మారలేదు.

ఇది ఆ నాయకుల మంచిచెడ్డల గురించిన మాట కాదు. ఈ మూడు పట్టణాల దళితవాడల్లో రోజూ నడిచే రాజకీయ చర్చ ఎటు పోతోందన్నదే అసలు ప్రశ్న. టీ అంగడి దగ్గర, ఆటోస్టాండులో, కూలికి పోయేవాళ్లు కలుసుకునే సర్కిల్లో రాజకీయం మాట్లాడనివాళ్లు లేరు. వచ్చేసారి ఎవరొస్తారు, ఏ నాయకుడు ఏ పార్టీలోకి దూకుతాడు, ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందా రాదా, డబ్బు ఖాతాలో పడిందా లేదా. ఇవన్నీ అవసరమైన మాటలే. కానీ ఇందులో మన వీధి, మన బడి, మన వార్డు ఎక్కడున్నాయి?

చట్టం ఇచ్చిన ఒకే ఒక తలుపు

2011 లెక్కల ప్రకారం కడప జిల్లా జనాభాలో ఎస్సీలు దాదాపు 16 శాతం. అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు. ఉమ్మడి కడప జిల్లాలో ఎస్సీలకు రిజర్వు చేసిన అసెంబ్లీ స్థానాలు బద్వేలు, రైల్వే కోడూరు. మనం మాట్లాడుకుంటున్న మూడూ జనరల్ స్థానాలు. జనరల్ అంటే ఎవరైనా పోటీ చేయొచ్చని చట్టం చెబుతుంది. ఆచరణలో పెద్ద పార్టీల టికెట్ దళితుడి గడప తొక్కదు.

ఈ పట్టణాల్లో దళితుడికి చట్టం ఖాయంగా సీటు చూపించేది పురపాలక సంఘంలోనే. 1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 243-టి అధికరణం ద్వారా జనాభా దామాషాలో ఎస్సీ, ఎస్టీలకు వార్డులు కేటాయించమంది. తాగునీరు, చెత్త, వీధిదీపం, మురికివాడల బాగు, బలహీనవర్గాల రక్షణ, ఇవన్నీ పురపాలక సంఘానికి అప్పగించదగిన పనులని 12వ షెడ్యూల్ చెబుతుంది. రోజూ మన వాడలో కొట్లాట జరిగే విషయాలు ఇవే కదా.

ఆ తలుపు దగ్గర ఏం జరిగింది? 2021 మార్చి మున్సిపల్ ఎన్నికల్లో పులివెందులలోని 33 వార్డులూ ఏకగ్రీవమయ్యాయి. అంటే ఎస్సీలకు రిజర్వు చేసిన వార్డులు కూడా. ఒక్క దళిత ఓటరు కూడా తన కౌన్సిలర్‌ను ఓటు వేసి ఎన్నుకోలేదు. ఏకగ్రీవం అంటే ఊరంతా ఒక్క మాట మీద ఉందని పొగిడేవాళ్లున్నారు. దళితవాడ వైపు నుంచి చూస్తే లెక్క వేరు. పోటీ ఉంటేనే అభ్యర్థి వాడలోకి వస్తాడు. వస్తేనే కాలువ సంగతి, ఇంటి పట్టా సంగతి నిలదీయగలం. పోటీ లేకుండా కౌన్సిలర్ అయినవాడు పదవికి రుణపడేది నాయకుడికే గానీ వీధికి కాదు.

2025 ఆగస్టులో ఇదే కథ తిరగబడింది. పులివెందుల మండల జడ్పీటీసీ ఉపఎన్నికలో తెలుగుదేశం గెలిచింది, వైఎస్సార్ కాంగ్రెస్ డిపాజిట్ కోల్పోయింది. ఇన్నేళ్లకు స్వేచ్ఛగా ఓటు పడిందని గెలిచినవాళ్లన్నారు. మా ఓటర్లను బూత్‌కే రానివ్వలేదని ఓడినవాళ్లన్నారు. ఇద్దరి మాటలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేలేది ఒకటే. ఓటు వేయడం ఇక్కడ హక్కులా గాక, ఎవరి రాజ్యం నడుస్తోందన్న దాన్ని బట్టి దొరికే అనుమతిలా మారింది. ఆ అనుమతి కోసం అందరికంటే ఎక్కువ భయపడేది, కూలి కోసం మళ్లీ ఆ పెద్దల పొలానికో అంగడికో పోవాల్సినవాడే.

ఉక్కు మాట, బంగారం మాట

జమ్మలమడుగులో చదువుకున్న పిల్లల ఆశ ఉక్కు ఫ్యాక్టరీ. 2007లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి బ్రహ్మణి స్టీల్స్‌కు శంకుస్థాపన చేశారు. 2018 డిసెంబరులో ఎం.కంబాలదిన్నె దగ్గర చంద్రబాబు నాయుడు, 2019 డిసెంబరులో సున్నపురాళ్లపల్లె దగ్గర జగన్మోహన్‌రెడ్డి శంకుస్థాపనలు చేశారు. 2023 ఫిబ్రవరిలో జేఎస్‌డబ్ల్యూతో కలిసి మళ్లీ భూమిపూజ జరిగింది. 2007లో ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు 2023 నాటికి డిగ్రీ దాటి ఉంటాడు. రేపు ఫ్యాక్టరీ వచ్చినా ఇంకో ప్రశ్న మిగులుతుంది. ప్రైవేటు కంపెనీలో రిజర్వేషన్ లేదు. గేటు లోపల ఎవరికి పర్మినెంటు కొలువు, ఎవరికి కాంట్రాక్టు కూలి అన్నది ఇప్పుడే అడగాలి.

ప్రొద్దుటూరుకు రెండో బొంబాయి అని పేరు. బంగారు అంగళ్లు, పత్తి వ్యాపారం ఆ పేరు తెచ్చాయి. ఏ పట్టణంలోనైనా అంగళ్ల బజారును తెల్లవారకముందే ఊడ్చే చేతులు ఎక్కువగా మనవే. 2023 డిసెంబరు చివర్లో రాష్ట్రమంతటా మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగి రెండు వారాలకు పైగా నిలబడ్డారు. సమాన పనికి సమాన వేతనం, ఉద్యోగ భద్రత వాళ్ల కోర్కెలు. కాలువ తీసే పనిలో నూటికి నూరు పాళ్లు మనకు వదిలేసి, కౌన్సిల్ మీటింగులో మాత్రం మన గొంతు వినపడకపోతే దాన్ని పట్టణాభివృద్ధి అనలేం.

బడి సంగతి ఎవరు అడగాలి

చదువు మీద మన కుటుంబాలకున్న పట్టుదల ఏ నాయకుడూ నేర్పింది కాదు. పస్తుండైనా పిల్లల్ని చదివిస్తారు. అమ్మ ఒడి కింద 2020 నుంచి తల్లికి 15 వేలన్నారు. 2025లో తల్లికి వందనం పేరుతో చదివే ప్రతి బిడ్డకూ అన్నారు. అందులో 2 వేలు బడి నిర్వహణకు పోను 13 వేలు ఖాతాలో పడుతుంది. ఆ డబ్బు అక్కరకొచ్చేదే, తేలిగ్గా తీసేయకూడదు. కానీ చర్చ అంతా డబ్బు పడిందా అన్న దగ్గరే ఆగిపోతే బడి చేజారుతుంది.

2022లో జీవో 117తో 3, 4, 5 తరగతులను హైస్కూళ్లలో కలిపారు. 2025లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసి తొమ్మిది రకాల బడులు తెచ్చింది. మున్సిపల్ బడుల పర్యవేక్షణ కూడా 2022లోనే విద్యాశాఖకు పోయింది. బడి గురించి అడిగితే, అది మా చేతిలో లేదని తప్పుకునే వీలు కౌన్సిలర్‌కు దొరికింది. పులివెందుల వైద్య కళాశాలకు 2024లో వచ్చిన 50 సీట్లను వసతులు లేవంటూ ప్రభుత్వం వద్దంది. రెండు పార్టీలూ ఒకరినొకరు తిట్టుకున్నాయి. ఎస్సీ కోటా కింద మన పిల్లలకు దక్కాల్సిన సీట్లు కూడా వాటితో పోయాయన్న మాట ఆ గొడవలో అడుగున పడింది.

అడిగే చోటు మనకు లేకపోలేదు. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి కమిటీలో మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. వెనుకబడిన వర్గాలకు అందులో దామాషా వాటా ఉండాలి. అదే చట్టం 12వ సెక్షన్ ప్రైవేటు బడుల ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద, వెనుకబడిన వర్గాల పిల్లలకిమ్మంది. వార్డు సచివాలయంలో విద్య కోసం ఒక కార్యదర్శి, పారిశుధ్యం కోసం ఇంకొకరు ఉన్నారు. మన బడిలో ఖాళీలెన్ని, కమిటీలో మనవాళ్లెందరు, సబ్‌ప్లాన్ డబ్బు మన వాడకు ఎంత వచ్చింది అని వాళ్లను రాతపూర్వకంగా అడగొచ్చు. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది.

2021లో ఏర్పడిన పాలకమండళ్ల ఐదేళ్ల గడువు 2026 మార్చితో తీరుతుంది. తర్వాతి ఎన్నికలు ఎప్పుడు జరిగినా మన వాడలు ముందుగా తేల్చుకోవాల్సిన మాట ఏ పార్టీ అన్నది కాదు. రిజర్వు వార్డులో నామినేషన్ ఎవరు వేయాలో పెద్దల ఇంట్లో తేలాలా, మన వాడ సమావేశంలో తేలాలా అన్నది. ఏ పార్టీ కండువా వేసుకున్నా సరే, మాల, మాదిగ పేటలు రెండూ కూర్చుని మాట్లాడుకుని ఏకగ్రీవానికి ఒప్పుకోమని చెబితే, ఆ ఐదేళ్లూ కౌన్సిలర్ మన వీధిలోకి వచ్చి తీరాల్సిందే.