తుంటి విరిగితే వయసు చూసి వెనుకాడరాదు

తిరుపతి: దొడ్లో జారో, చీకట్లో గడప తట్టుకునో పడిన ముసలివారిని మంచాన పడుకోబెట్టి, "ఈ వయసులో ఆపరేషన్ తట్టుకోలేరులే" అని ఇంటివారే తీర్పు చెప్పడం పల్లెల్లో పరిపాటి అయింది. తుంటి ఎముక విషయంలో ఈ తీర్పు తలకిందులైనది. వయసు మీరినవారికే ఆపరేషన్ త్వరగా జరగాలి. వారి ప్రాణం తీసేది చాలాసార్లు విరిగిన ఎముక కాదు, కదలని పడక.

కొద్ది రోజులకే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరవచ్చు. నడుము కింద పుండ్లు పడతాయి. కాలి నరాల్లో గడ్డకట్టిన రక్తం గుండె మీదుగా ఊపిరితిత్తులకు అడ్డం పడవచ్చు. అందుకే బ్రిటన్‌లో ఇలాంటి రోగికి చేరిన రోజునో, మరునాడో ఆపరేషన్ చేయాలన్నది ప్రమాణం. మన దేశంతో సహా 17 దేశాల్లో 2,970 మందిపై జరిపిన పరిశీలన 2020లో వెలువడింది. 6 గంటల్లో చేసినా, ఒక రోజుకు చేసినా మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. త్వరగా చేసినవారు మాత్రం ముందుగా లేచి నిలబడ్డారు. గంటల కోసం హైరానా పడనక్కర లేదు గాని, వారాలు గడపరాదు.

ఈ ప్రాంతంలో ఎముక విరిగితే మొదట గుర్తొచ్చేది పుత్తూరు కట్టు. చేతి ఎముక కదలకుండా ఉంటే కట్టులో అతుక్కోవచ్చు. తొడ ఎముక మెడ సంగతి వేరు. అది కండల లోతున ఉంటుంది, ఏ కట్టూ దాన్ని పట్టి ఉంచలేదు. పైనున్న గుండుకు రక్తం ఆ మెడ మీదుగానే వెళ్తుంది. మెడ విరిగితే ఆ దారి తెగి, గుండు చచ్చుబడవచ్చు. అందుకే ముసలివారికి తరచు గుండునే మారుస్తారు. మెడకు కాస్త దిగువన విరిగితే లోపల కడ్డీ వేసి బిగిస్తారు. నెలల తరబడి కట్టులో ఉంచి, పుండ్లు పడ్డాక తీసుకొస్తే డాక్టర్ల పని రెట్టింపవుతుంది.

పుత్తూరు నుంచి తిరుపతి ఇంచుమించు గంట ప్రయాణం. అక్కడ రుయా పెద్దాసుపత్రి ఉంది. ఖర్చు భయమూ కొంత తగ్గింది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తోంది. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా 5 లక్షల రూపాయల వైద్యానికి కేంద్రం 2024 అక్టోబరులో ఆయుష్మాన్ కార్డు ప్రవేశపెట్టింది. అయినా పట్నం నుంచి కొడుకు రావాలనీ, మంచిరోజు చూడాలనీ రోజులు జారిపోతున్నాయి.

పడ్డ మనిషి లేవలేక, ఒక కాలు పొట్టిదై పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగిందనే అనుకోవాలి. నూనె రాసి తోమకూడదు, కాలు లాగకూడదు. కాళ్ల మధ్య దిండు పెట్టి, కదలకుండా 108లో తరలించాలి. వాడే మాత్రలు, కార్డులు వెంట తీసుకెళ్లాలి. రక్తం పలుచబడే మాత్ర వాడుతుంటే డాక్టరుకు ముందే చెప్పాలి.

ఆలస్యమంతా పల్లెవారిదే అనడం కూడా న్యాయం కాదు. బీపీ, షుగరు పూర్తిగా దారికి రావాలంటూ, పథకం అనుమతి రాలేదంటూ వారం రోజులు వార్డులో ఉంచే ఆసుపత్రులూ లేకపోలేదు. ఆ లోపాలను సాధ్యమైనంత వరకు ఒకటి రెండు రోజుల్లో సరిదిద్ది థియేటరుకు పంపవచ్చు. చెయ్యి విరిగిన కుర్రాడికన్నా తుంటి విరిగిన అవ్వ పేరు జాబితాలో ముందు రాయడానికి కొత్త భవనాలు, కొత్త నిధులు అక్కర లేదు.