మీటింగ్‌లో ఎవరూ మాట్లాడలేదంటే ఒప్పుకున్నట్టేనా?

పైన వీడియోలో నాతో పాటు ఘనజీవామృతం కలుపుతున్న పెద్దాయన మా ఊరి కౌలు రైతు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న సంగతి ఒకటుంది. కెమెరా ముందు చెప్పడానికి నోరు రాలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

అగ్రికల్చర్ డిప్లొమా చేసి ఊరికొచ్చాక మా 12 మంది రైతుల గ్రూపుకి నన్నే లీడర్‌ని చేశారు. జీవామృతం, కషాయాలు తయారు చేసి అమ్మే కొట్టు కూడా నాదే. మొదటి ఏడాది మీటింగ్‌లో గట్టిగా చెప్పేశా, "ఈ ఖరీఫ్ నుంచి ఎవరూ యూరియా ముట్టుకోవద్దు" అని. ఎవరూ మారుమాట్లాడలేదు. అందరికీ ఇష్టమే అనుకున్నా.

ఈ బాబాయ్‌ది రెండెకరాల వరి. సొంత ఆవు లేదు. ఎకరానికి 18 బస్తాలు కౌలు కట్టాలి. ఏళ్ల తరబడి యూరియాకి అలవాటుపడ్డ నేల అది. ముందు జీలుగ వేసి కలియదున్నలేదు, ఘనజీవామృతం వెయ్యలేదు. నా కొట్లో జీవామృతం ఒక్కటే నీళ్లతో పాటు వదిలాం. జీవామృతంతో నేలలో సూక్ష్మజీవులు పెరుగుతాయి, నిజమే. కానీ వాటికి తిండి కావాలంటే నేలలో సేంద్రియ పదార్థం ఉండాలి కదా. పిలకల దశకి పైరు పసుపు తిరిగింది. 30 బస్తాలు పండే చోట 21 వచ్చాయి. కౌలు పోగా ఎకరానికి మిగిలిన మూడు బస్తాలు కోత ఖర్చుకే చాలలేదు.

"ఇష్టం లేకపోతే ముందే చెప్పొచ్చుగా బాబాయ్" అన్నా.

"చదువుకున్నోడివి, తెలీకుండా చెప్తావా అనుకున్నా. పైగా నీ కొట్లో నాకు బాకీ ఉంది. కాదని ఎట్టా అంటారా?" అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన బాకీ కొట్టేశాను. దాన్ని సేవ అని చెప్పుకోను, అది నేను కట్టాల్సిన నష్టం.

నా అభిప్రాయం ఒక్కటే. నష్టం ఎవరు మోస్తారో నిర్ణయం వాళ్లదే అయ్యుండాలి. పంట బాగా వస్తే మన పద్ధతి గొప్పదంటాం. పోతే రైతు సరిగ్గా చెయ్యలేదంటాం. ఇది లీడర్ పని కాదు.

ఇప్పుడు మా గ్రూపులో కొత్తగా వచ్చే రైతు ముందు అర ఎకరంలోనే మొదలుపెడతాడు. తొలకరికి నవధాన్యాలు చల్లి కలియదున్నుతాం. ఆఖరి దుక్కిలో ఎకరానికి 400 కిలోల లెక్కన ఘనజీవామృతం వేస్తాం. ఆవు లేనివాళ్లకి మా కొట్టంలో పేడ, మూత్రం ఉచితం, కలపడం కూడా నేనే దగ్గరుండి నేర్పిస్తా. మీటింగ్‌లో కౌలు రైతులు ముందు మాట్లాడతారు, నేను చివర్న. కొట్లో అమ్మకాలు తగ్గిన మాట నిజమే.

మొన్న ఖరీఫ్‌లో జీవామృతం డ్రమ్ములు ట్రాలీకి ఎక్కిస్తుంటే అదే బాబాయ్ అందరి ముందూ ఆపాడు. "మళ్లన్నీ పొంగి పొర్లుతున్నాయి. ఇప్పుడు వదిల్తే కాలవలో కలిసిపోద్ది, రెండ్రోజులు ఆగు." ఆయన చెప్పిందే కరెక్టు. ఆగాం.

మీరూ గ్రూపు నడుపుతుంటే ఒక్కసారి గుర్తుచేసుకోండి. మీ మాటని ఎవరైనా కాదన్నది ఎప్పుడు? ఎంతకీ గుర్తురాకపోతే, ముందు మీ ఖాతా పుస్తకం తీసి చూడండి.