ఒట్టు చాటున పగ

“ఇక ఆ ఇంటి గడప తొక్కను, అల్లాహ్ మీద ఒట్టు!” ఆస్తి పంపకంలో మాట పడిందనో, నికాహ్ దావత్‌కు సరిగా పిలువలేదనో మనసు విరిగినప్పుడు మన ఇండ్లలో తరచుగా వినిపించే మాట ఇది. కొన్నాళ్ళకు కోపం చల్లారుతుంది గాని, ఒట్టు మాత్రం అడ్డుగోడగా నిలిచిపోతుంది. “వెళ్ళాలనే ఉన్నది మౌలానా, కాని ఒట్టు వేశాను గదా” అంటారు. అల్లాహ్ నామాన్ని పగకు కాపలా పెట్టడమా!

హజ్రత్ అబూబకర్ (రజి) కూడా ఒకసారి ఇటువంటి ప్రమాణమే చేశారు. ఆయన బాధ మన అలకల వంటిది కాదు. కుమార్తె హజ్రత్ ఆయిషా (రజి)పై కపటులు అపనింద పుట్టించగా, దానిని నోటికెత్తుకున్నవారిలో హజ్రత్ మిస్తహ్ (రజి) ఉన్నారు. ఆయన బద్ర్‌లో పాల్గొన్న ముహాజిర్, నిరుపేద, అబూబకర్ (రజి)కు తల్లి వైపు బంధువు. ఆయన పోషణ భారాన్ని వహిస్తున్నది కూడా అబూబకరే (రజి). ఆయిషా (రజి) నిర్దోషిత్వం వహీ ద్వారా వెల్లడైన పిదప, ఇకపై మిస్తహ్‌కు ఏమీ ఇవ్వనని ఆ తండ్రి ఒట్టు వేశారు. ఏ తండ్రి వేయడు?

అప్పుడు నూర్ సూరా 22వ ఆయత్ అవతరించింది. స్తోమత గలవారు బంధువులకు, పేదలకు, ముహాజిర్లకు సహాయం ఆపుతామని ప్రమాణం చేయరాదని చెప్పి, మన్నించమన్నది. అల్లాహ్ క్షమాపణ మీకు అక్కరలేదా అన్న భావంతో ప్రశ్నించింది. తనకు అది కావాలని పలికి అబూబకర్ (రజి) సహాయాన్ని పునరుద్ధరించారు, ఇక ఎన్నడూ ఆపనన్నారు.

అపనిందకు 80 కొరడా దెబ్బల శిక్ష విధించినది కూడా ఈ సూరాయే. కాబట్టి తప్పును తప్పు కాదని ఒప్పుకొమ్మని ఆయనను కోరలేదు. గాయం మరచిపొమ్మనీ కోరలేదు. ఆగిన చేతిని మళ్ళీ చాచమన్నారు, అంతే. హృదయం వెంటనే మన మాట వినకపోవచ్చు, చేయి వింటుంది. రావలసిన వాటాను న్యాయంగా అడగడం పగ కాదు. అడుగుతూనే సలాం చెప్పవచ్చు, జబ్బు చేస్తే పలకరించవచ్చు.

ఇక ఒట్టు సంగతి. ప్రమాణం చేసిన తరువాత అంతకన్నా మేలైనది కనిపిస్తే ఆ మేలు చేసి, ప్రమాణానికి కఫ్ఫారా చెల్లించమని ప్రవక్త (స) బోధించారు. మాయిదా సూరా 89వ ఆయత్ ప్రకారం, మన ఇంటివారికి పెట్టే మధ్యరకం భోజనం పదిమంది పేదలకు పెట్టాలి, లేదా వస్త్రాలివ్వాలి. ఆ శక్తి లేనివారు 3 రోజులు ఉపవాసముండాలి. చాలామంది ముందు అన్నదానం ముగించి, తరువాత వెళదామనుకుంటారు. హనఫీ ఫిఖ్‌హ్‌లో ఒట్టు తెగకముందు ఇచ్చిన కఫ్ఫారా చెల్లదు. ముందు వెళ్ళవలసినది బంధువు ఇంటికే.