బండి కొనేముందు అమ్మని వెనక కూర్చోబెట్టి చూడండి

ప్లేస్‌మెంట్ లెటర్ చేతికొచ్చిన వారంలోపే మనవాళ్లలో సగం మంది అడిగే ప్రశ్న ఒకటుంది. "మామా, ఏ బండి తీసుకోమంటావ్?" రోజూ ఆఫీసుకి వెళ్లాలి, శని ఆదివారాలు శ్రీశైలమో లక్నవరమో పోవాలి. రెండు పనులూ ఒకే బండి చెయ్యాలి. క్యాంటీన్లో ఈ చర్చ మొదలైతే సమోసాలు చల్లారతాయి గానీ సంగతి తేలదు. ఒకడు బుల్లెట్ అంటాడు, ఇంకొకడు కేటీఎం అంటాడు, మూడోవాడు ఏకంగా లడఖ్ నుంచి మొదలుపెడతాడు. నేనూ ఆ బాపతే. ఏడాది కిందటి వరకూ నా ఫోన్ వాల్‌పేపర్ హిమాలయన్ 450. ఇప్పుడు నా అభిప్రాయం మారింది. ఎందుకు మారిందో చెప్తాను, ఒప్పుకోకపోతే క్యాంటీన్లో కలుద్దాం.

మాది కృష్ణానగర్. నాన్న లైట్‌మన్. ఆరు గంటల కాల్‌షీట్ అంటే ఐదింటికే స్ప్లెండర్ స్టార్టయిన శబ్దం వినిపిస్తుంది. ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ చుట్టుపక్కల ఏ స్టూడియోకి ఏ గుట్ట ఎక్కి పోవాలో, ఏ సందులోంచి దిగాలో ఆ బండికే తెలిసిపోయినట్టు ఉంటుంది. దాని శక్తి ఎనిమిది హార్స్‌పవర్. దాని మీదే నన్ను స్కూల్లో దింపారు, దాని మీదే గ్యాస్ సిలిండర్ తెచ్చారు.

నాకు బండి పిచ్చి పట్టించింది సినిమాలే. హీరో ఎంట్రీలో ముందు సైలెన్సర్ కనిపిస్తుంది, తర్వాత టైరు, తర్వాత బూటు, ఆ తర్వాతే మొహం. ఒకరోజు అలాంటి సీను టీవీలో వస్తుంటే, "నాన్నా, ఆ బండి చూడు ఎలా పోతోందో" అన్నాను. నాన్న అన్నం కలుపుకుంటూ, "అది పోవట్లేదురా. ట్రాలీ మీద కట్టేసి లాగారు. పక్కన లైటు పట్టుకుంది నేనే" అన్నారు.

అప్పుడు నవ్వొచ్చింది గానీ తర్వాత ఆలోచిస్తే అసలు విషయం అదేననిపించింది. దగ్గరి షాట్లలో చాలాసార్లు బండి కింద చక్రాల ట్రాలీ ఉంటుంది, లేదంటే వెనక నీలం గుడ్డ, ముందు పెద్ద ఫ్యాను ఉంటాయి. ప్రమాదమున్న షాటయితే డూప్ చేస్తాడు. ఆ బండి చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర నూట ఇరవై సెకన్లు నిలబడదు. దాని వెనక సీట్లో చీర కట్టుకున్న మనిషి ఒక పక్కకి తిరిగి కూర్చోదు. దానికి ఈఎంఐ లేదు. మనం కొనాలనుకునేది ఆ బొమ్మని, తీరా తోలాల్సింది మాత్రం మన రోడ్డు మీద.

సరే, మన రోడ్డు మీదే చూద్దామనుకున్నాను. పోయిన ఎండాకాలం మాదాపూర్లో ఇంటర్న్‌షిప్ చేస్తున్నప్పుడు ఒక సీనియర్ తన పెద్ద బండి ఒక రోజుకి ఇచ్చాడు. ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే తప్పు బండిది కాదు. దాదాపు రెండొందల కిలోల బరువు, ఎత్తు సీటు. మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి కృష్ణానగర్ నుంచి చెక్‌పోస్ట్ ఎక్కి, రోడ్ నంబర్ 36 మీదుగా మాదాపూర్ బయల్దేరాను. ఎత్తు రోడ్డు మీద ట్రాఫిక్ ఆగినప్పుడల్లా ముందు బ్రేకు పట్టుకుని, ఒంటికాలి వేళ్ల మీద ఆ బరువంతా మోస్తూ నిలబడాలి. సగం క్లచ్ మీద అడుగడుగూ కదలాలి. ఇంజన్ వేడి పిక్కలకి కొడుతుంది. అంత శక్తి ఉన్న బండి మీద రెండో గేరు దాటి మూడోది వేసింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పక్కనుంచి పాత స్ప్లెండర్ మీద డెలివరీ అన్న దారి చేసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం అసలు పరీక్ష జరిగింది. అమ్మ పెద్దమ్మ గుడికి వెళ్దామంది. సీటు ఎత్తు చూసి రెండుసార్లు ప్రయత్నించింది. ఒకసారి నా భుజం పట్టుకుని ఎక్కబోయింది, ఒకసారి గడప మీద నిలబడి ఎక్కబోయింది. చివరికి నవ్వేసి, "నువ్వు పద నాన్నా, నేను ఆటోలో వస్తా" అంది. నేను గుడి దాకా ఆటో వెనకాలే వెళ్లాను. నా కలల బండిలో మా అమ్మకి చోటు లేదని తెలిసింది ఆ రోజే. దానికోసం నాన్న చిట్టీ పాడటానికి సిద్ధంగా ఉన్నారు. ఆ మాట ఆ రాత్రి నాకు నిద్ర పట్టనివ్వలేదు.

"అదంతా సరే, మరి వీకెండు సంగతి? చిన్న బండి హైవే మీద పనికొస్తుందా?" అని అడుగుతారు. మనం ఇంజనీరింగ్ చదువుతున్నాం కదా, లెక్క వేసి చూద్దాం. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. కాబట్టి దాన్ని గెలవడానికి కావాల్సిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. బండీ మనిషీ కలిసి 220 కిలోలు, నిటారుగా కూర్చున్నాం, రోడ్డు చదునుగా ఉంది, ఎదురుగాలి లేదు అనుకుందాం. నా ఉజ్జాయింపు లెక్కలో గంటకి 80 కిలోమీటర్లు నిలకడగా పోవడానికి చక్రం దగ్గర దాదాపు 7 హార్స్‌పవర్ చాలు. వందకి 12 కావాలి. నూట ఇరవైకి 20 దాటుతుంది. అంటే 80 మీద పెంచిన ప్రతి ఇరవై కిలోమీటర్లకీ మనం చాలా డబ్బు, చాలా బరువు కొంటున్నామన్నమాట.

ఇప్పుడు బండ్లు చూడండి. హోండా యూనికార్న్ లాంటి 160 సీసీ బండికి 13 హార్స్‌పవర్ ఉంటుంది, బరువు 140 కిలోల దగ్గర. అది 80 మీద రోజంతా పోగలదు. వెనక మనిషి కూర్చుంటే ఘాట్‌లో ఒక గేరు దించాలి, అంతే. రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350కి 20 హార్స్‌పవర్, 181 కిలోలు. వంద మీద కూడా ఊపిరి మిగులుతుంది. హిమాలయన్ 450కి 40 హార్స్‌పవర్, 196 కిలోలు. ఆ నలభై మన చుట్టుపక్కల ఎక్కడ వాడతాం? 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ రోడ్డు మీదకి టూవీలర్లని రానివ్వరు, సర్వీసు రోడ్డే మనకి గతి. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ వెళ్లే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదకీ రానివ్వరు. అనంతగిరికి పోయేదారిలో చేవెళ్ల మర్రిచెట్ల కింద 80 దాటించడం బుద్ధున్నవాడి పని కాదు. శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్ట్ దాటాక టైగర్ రిజర్వు. అక్కడ రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లు ఆపేస్తారు, పగలు కూడా మలుపులు, కోతులు. కాబట్టి శ్రీశైలం ట్రిప్పు బాగా జరగాలంటే కావాల్సింది హార్స్‌పవర్ కన్నా ముందు అలారం. తెల్లారుజామున లేచి బయల్దేరినవాడు 80 మీద నింపాదిగా పోయి, చీకటి పడకముందే అడవి దాటి వచ్చేస్తాడు.

దూరానికి ఇంకొన్ని కావాలి, వాటి గురించి క్యాంటీన్లో ఎవరూ మాట్లాడరు. ట్యాంకు ఎంత? 13 లీటర్లయితే, లీటరుకి 40 ఇచ్చినా 500 దాటుతుంది. శ్రీశైలం పోయి రావడానికి సుమారు 430. సీటు ఎలా ఉంది? షోరూంలో ఐదు నిమిషాలు కాదు, గంటన్నర కూర్చుంటే నడుం ఏమంటుంది? ట్యూబ్‌లెస్ టైర్లా కాదా? ఎక్కడో దిండి దగ్గర పంక్చరయితే ఊళ్లో మెకానిక్ దగ్గర ఆ బండి సామాను దొరుకుతుందా? బ్రేకుల సంగతేంటి? 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ పైబడిన బండ్లకి ఏబీఎస్ తప్పనిసరి. కానీ చాలావాటికి అది ముందు చక్రానికే ఉంటుంది. రెండు చక్రాలకీ ఉన్న మోడల్ దొరికితే, ఇంకో పదివేలు అక్కడ పెట్టండి గానీ సైలెన్సర్ మీద పెట్టొద్దు.

జూబ్లీహిల్స్‌కీ సినిమాకీ దగ్గర సంబంధమున్న ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2021 సెప్టెంబర్ 10న హీరో సాయి ధరమ్ తేజ్ దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దాటాక బండి మీద నుంచి పడ్డారు. ఆయన తోలుతున్నది ట్రయంఫ్ బండి. రోడ్డు మీద ఇసుక ఉంది, చక్రం జారింది. ఆయన కోమాలోకి వెళ్లి, నెలకి పైగా ఆస్పత్రిలో ఉండి, కోలుకుని మళ్లీ సినిమాలు చేశారు. ఆ రోజు ఆయన తలకి హెల్మెట్ ఉంది. ఆ తర్వాత వేదికెక్కినప్పుడల్లా హెల్మెట్ పెట్టుకోమని అభిమానులకి చెబుతూ వచ్చారు. ఇసుకకి మన బండి రేటు తెలియదు. అందుకే నా లెక్కలో బండి బడ్జెట్ అంటే బండి రేటు ఒక్కటే కాదు. ఐఎస్ఐ మార్కున్న మంచి హెల్మెట్లు రెండు (రెండోది వెనక కూర్చునేవాళ్లకి), గ్లోవ్స్, మోకాళ్లు కాపాడే గార్డులు, మొదటి సర్వీసింగ్, ఇన్సూరెన్స్, ఇవన్నీ కలిపితేనే బడ్జెట్. ఇవి కొనడానికి డబ్బు మిగలకపోతే మనం ఎంచుకున్న బండి మనకి ఎక్కువైనట్టే.

నాతో విభేదించేవాళ్ల మాట కూడా న్యాయమైనదే. "రెండూ చేసే బండి రెండిట్లోనూ అరకొరగానే ఉంటుంది" అంటారు. నిజమే. ఆఫీసుకి మెట్రోలో వెళ్తూ నెలకి మూడు వారాలు జిల్లాలు తిరిగేవాడికి, వెనక ఎవరూ కూర్చోనివాడికి, ఈఎంఐ సొంత జీతంలోంచే కట్టేవాడికి పెద్ద బండి సరైనదే. మట్టి దారుల పిచ్చి ఉండి, పొడుగ్గా ఉంటే ఎక్స్‌పల్స్ 200 ఉంది, 160 కిలోలే. ఆరడుగులుండి బుల్లెట్ శబ్దానికే పుట్టినవాణ్ని ఎవరూ ఆపలేరు, ఆపక్కర్లేదు. కానీ మనలో ఎక్కువమంది ఏడాదికి ఎన్ని లాంగ్ ట్రిప్పులు వేస్తాం? నిజాయితీగా లెక్కపెట్టండి. నాకు ఐదు వచ్చాయి. ఆఫీసు రోజులు రెండొందల పైన. ఆ ఐదింటికీ పెద్ద బండే కావాలంటే అద్దెకి దొరుకుతుంది, నల్ల నంబరు ప్లేటు మీద పసుపు అక్షరాలతో. సోకు తీరుతుంది, సోమవారం తిరిగిచ్చేయొచ్చు.

డబ్బు సంగతీ మారింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకూ బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఆ పైవాటికి 40 అయింది. అంటే ప్రభుత్వం కూడా 350 దగ్గర ఒక గీత గీసింది. నా సలహా ఏంటంటే ఆ గీతకి ఇటువైపే వెతకండి. ఒంటరి రైడర్లయితే 350 దాకా, ఇంట్లోవాళ్లు కూడా వెనక ఎక్కుతారంటే 150, 160 దగ్గర. టెస్ట్ రైడ్ షోరూం ముందు ఖాళీ రోడ్డు మీద వద్దు. వీలైతే ఆఫీసు టైములో చెక్‌పోస్ట్ ఎక్కించండి. ఇంటికి తెచ్చి, రోజూ వెనక కూర్చునే మనిషిని ఎక్కమనండి. ఆ మనిషి మొహం చూస్తే బండి సంగతి తెలిసిపోతుంది.

నేను 160 సీసీ బండి తీసుకున్నాను. నాన్న చిట్టీ పాడలేదు. ఇంటర్న్‌షిప్ డబ్బులు డౌన్‌పేమెంట్‌కి సరిపోయాయి, మిగతాది నెలనెలా నేనే కడుతున్నాను. పూజ పెద్దమ్మ గుడి దగ్గరే చేయించాం. నిమ్మకాయలు తొక్కించాక అమ్మ రెండో హెల్మెట్ పెట్టుకుని, కొంగు నడుముకి దోపుకుని, ఒక్కసారికే ఎక్కి కూర్చుంది. "ఇది బానే ఉందిరా" అంది. నాన్న స్ప్లెండర్ మీద వెనకాలే వచ్చారు.

హిమాలయన్ వాల్‌పేపర్ ఇంకా తీసెయ్యలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఎప్పుడో ఒకరోజు కొంటానేమో. ఈలోగా వచ్చే శనివారం పొద్దున ఐదున్నరకి అనంతగిరి వెళ్తున్నాం. 80 దాటనని మాటిచ్చేవాళ్లెవరైనా రావచ్చు. హెల్మెట్ మాత్రం ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి.