చుంగ్‌కింగ్ సంతకం, విశాఖ తీరం

1943 జనవరి 11న చైనా యుద్ధకాల రాజధాని చుంగ్‌కింగ్‌లో ఒక ఒప్పందం మీద మూడు సంతకాలు పడ్డాయి. చైనా తరఫున విదేశాంగ మంత్రి టి.వి. సూంగ్, బ్రిటన్ తరఫున రాయబారి హొరేస్ సీమోర్, ఇండియా తరఫున హ్యూ రిచర్డ్‌సన్. చైనా గడ్డమీద నేరం చేసిన బ్రిటిష్ వాణ్ణి చైనా కోర్టు విచారించరాదన్న నూరేళ్ల నాటి ఏర్పాటు ఆ ఒప్పందంతో రద్దయింది. చైనా తీరవర్తకంలో, నదుల్లో బ్రిటిష్ ఓడలకున్న ప్రత్యేక హక్కులూ పోయాయి. ఇండియా తరఫున అన్నామే గానీ, రిచర్డ్‌సన్ కూడా బ్రిటిష్ అధికారే.

బ్రిటన్‌కు ఉన్నట్టుండి ఔదార్యం పుట్టలేదు. రెండు రోజుల ముందే జపాన్, నాన్‌కింగ్‌లో తాను నిలబెట్టిన వాంగ్ చింగ్‌వై ప్రభుత్వంతో అలాంటి ఒడంబడికే చేసుకుంది. చైనా యుద్ధంలో తమ పక్కన నిలవాలి, అది అవసరం. కౌలూన్ వెనకనున్న కౌలు భూములు కూడా ఇవ్వమంటే మాత్రం లండన్ ససేమిరా అంది.

ఆ అవసరం మన దగ్గర పనిచేయలేదు. 1942 ఏప్రిల్ 6న ర్యూజో నౌక మీంచి లేచిన జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. సరిగ్గా ఆ వారమే ఢిల్లీలో బ్రిటిష్ మంత్రి క్రిప్స్ రాయబారం ఒక్క ప్రశ్న దగ్గర చిక్కుకుని ఉంది: రక్షణ శాఖ ఎవరి చేతిలో ఉండాలి? బాంబులు పడేది మన నెత్తిన, కాపలా నిర్ణయాలు మాత్రం సర్వసేనానివి. 10న కాంగ్రెస్ కాదంది, 12న క్రిప్స్ విమానమెక్కాడు, ఆగస్టుకల్లా నాయకులంతా జైళ్లలో ఉన్నారు.

విశాఖకు ఈ కథలో ఇంకో వాటా ఉంది. బాంబులకు పది నెలల ముందు, 1941 జూన్ 21న, ఇక్కడ సింధియా కంపెనీ ఓడల కార్ఖానాకు రాజేంద్రప్రసాద్ పునాదిరాయి వేశారు. వాల్‌చంద్ హీరాచంద్ నడిపిన ఆ కంపెనీ బ్రిటిష్ ఓడల కంపెనీలతో చాలా కాలంగా పోరాడుతూ వచ్చింది. తీరవర్తకం స్వదేశీ ఓడలకే దక్కాలని సారాభాయ్ హాజీ 1928లో కేంద్ర శాసనసభలో పెట్టిన బిల్లు చట్టం కాకుండానే ఆగిపోయింది. ఆ ఆశ మళ్లీ తలెత్తకుండా 1935 భారత ప్రభుత్వ చట్టంలో 115వ సెక్షన్ చేర్చారు. దాని ప్రకారం బ్రిటన్‌లో రిజిస్టరైన ఓడకంటే మన ఓడకు ఎక్కువ మేలు చేయకూడదు. అంటే చైనా తీరం చైనాదేనని ఇండియా పేరిట సంతకం పెట్టిన రోజున ఇండియా తీరం ఇండియాది కాదు! ఇంత పెద్ద హాస్యం పార్లమెంటరీ భాషలో ఎంత గంభీరంగా కనిపిస్తుందో.

కోర్టుల సంగతీ అంతే. ఐరోపా నిందితుల ప్రత్యేక హక్కుల జోలికి వెళ్లిన ఇల్బర్ట్ బిల్లు 1883లో పెద్ద గొడవ రేపి నీరుగారిపోయింది. నేరవిచారణలో మిగిలిన జాతి వివక్షను తుడిచేసిన చట్టం 1949లో గానీ రాలేదు. చైనాకు వదులుకున్నదానికి ఆరేళ్ల తర్వాతన్నమాట.

1948 మార్చి 14న, ఆ సింధియా కార్ఖానాలో కట్టిన జల ఉష ఓడను నెహ్రూ విశాఖలో నీటిలోకి దింపారు. తీరవర్తకంలో విదేశీ ఓడలకు లైసెన్సు ఉండాలని 1958 చట్టం చెప్పింది. కంటైనర్ల విషయంలో 2018లో సడలింపులు వచ్చాయి. అవి మన రేవులకు లాభమా, మన ఓడలకు నష్టమా అన్నది వాదించుకోవలసిందే. ఈ వాదన ఇప్పుడు మన చట్టసభల్లో మనమే చేసుకుంటున్నాం, ఏ సెక్షనూ నోరు నొక్కడం లేదు. విశాఖ బడుల్లో జల ఉష పేరు చెప్పే ఉపాధ్యాయులు, ఆ ఓడకు ముందున్న 115వ సెక్షన్ గురించి కూడా పిల్లలకు ఒక్కమాట చెప్పాలని మా మనవి.