చార్టు మీద అక్షరాలు ఎవరివి?

ప్రాజెక్టు వర్కులు ఇచ్చారంటే చాలు, పేట్ బషీరాబాద్, సుచిత్ర, కొంపల్లి వైపు జిరాక్స్, డీటీపీ షాపుల్లో తల్లిదండ్రుల హడావిడి మొదలవుతుంది. "మన పండుగలు" అన్న శీర్షిక చేత్తో రాసినట్టుండే ఫాంటులో, రంగుల్లో ప్రింటై వస్తుంది. చార్టు ముచ్చటగానే ఉంటుంది. కానీ అందులో బిడ్డ రాసిందేమిటి?

చేతిరాత ఫాంట్లు చెడ్డవని కాదు. కంప్యూటర్‌లో బొమ్మ కుక్క పలికే మాటలకు బిగుసుకున్నట్టుండే అక్షరాలు నప్పడం లేదని 1994లో మైక్రోసాఫ్ట్ ఉద్యోగి విన్సెంట్ కనేర్ కామిక్ శాన్స్ తయారుచేశారు. మనకు బాపు గారి అక్షరాలున్నాయి. బొమ్మల పక్కన, పుస్తకాల అట్టల మీద ఆయన ఏళ్ల తరబడి చేత్తో రాసిన ఆ రాతే తర్వాత ఫాంటు అయింది. శుభలేఖకైనా, అపార్ట్‌మెంట్‌లో బతుకమ్మ ఆహ్వానానికైనా అలాంటి అక్షరాలు నిండుదనం తెస్తాయి. నిరభ్యంతరంగా వాడుకోండి.

పిల్లల చార్టు సంగతి వేరు. ఫాంటులో ఒక "క" ఎలా ఉంటే వంద "క"లూ అలాగే ఉంటాయి. పిల్లలు రాస్తే మూడు "క"లు మూడు రకాలుగా వస్తాయి. ఎక్కడ తడబడుతున్నారో టీచరుకు తెలిసేది అక్కడే. "ద" కింద గీత పెడితే "ధ", దాని పొట్టలో చుక్క పెడితే "థ". ఈ తేడా వేళ్లకు అలవాటు కావాలి. ఫోనులో నాలుగు ఇంగ్లిషు అక్షరాలు కొట్టి, అది చూపించిన మాటను ఎంచుకుంటే ఆ అలవాటు రాదు.

మన రాష్ట్రంలో 2018 చట్టంతో ఏ బోర్డు బడిలోనైనా పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి అయింది. పరీక్ష హాల్లో ఫాంటు ఉండదు, పెన్నే ఉంటుంది.

"కోడిగీతల్లా ఉంటే మార్కులు తగ్గుతాయి కదా" అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన భయమే. ప్రింటు కొట్టించిన చార్టులనే బడి గోడకు తగిలిస్తే ఆ భయం పోదు. అందుకే మార్కులు వేసే మేము కూడా ముస్తాబును కాక పిల్లల శ్రమను చూడాలి. సొంతంగా రాసిన చార్టుకే ముందు చోటివ్వాలి.

ఈసారి ఇలా చేసి చూడండి. స్కేలుతో పెన్సిల్ గీతలు రెండు గీయించండి. శీర్షికను ముందు పెన్సిల్‌తో, తర్వాత స్కెచ్ పెన్నుతో బిడ్డ చేతే రాయించండి. తప్పు రాస్తే సరిచేయండి. వంకర పోతే మాత్రం అలాగే ఉండనివ్వండి. కింద తేదీ వేయించి, ఆ చార్టును దాచిపెట్టండి. ఏడాది తర్వాత కొత్త చార్టు పక్కన పెట్టి చూస్తే, రాత ఎంత కుదిరిందో మీకే కాదు, మీ బిడ్డకూ తెలుస్తుంది.